కణం ఊపిరి పీలుస్తుందా?

సందేహం: మా అమ్మాయి పదో తరగతి. ‘శ్వాసక్రియ ఎక్కడ జరుగుతుంది?’ అన్న ప్రశ్నకు ‘ఊపిరితిత్తుల్లో’ అని రాస్తే, టీచరు కొట్టేసి పక్కన ‘కణాల్లో’ అని రాశారు. శ్వాస అంటే ఊపిరే కదా! కణానికి ముక్కుందా, ఊపిరితిత్తులున్నాయా? మాటనే తప్పుగా వాడుతున్నారేమో అనిపించింది. పైగా ‘అవాయు శ్వాసక్రియ’ అని ఇంకొకటి. గాలి లేకుండా ఊపిరేమిటి? అలాగే శ్వాసించడం, శ్వసించడం – వీటిలో ఏది ఒప్పు? ఉచ్ఛ్వాసం, నిశ్వాసం ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: మార్కు పోవడం న్యాయమేనమ్మా. అయితే ఈ పొరపాటు పడ్డవాళ్లలో మీ అమ్మాయి మొదటిది కాదు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోయిజర్ అంతటివాడే పడ్డాడు. 1782-83 చలికాలంలో ఆయనా, గణిత శాస్త్రవేత్త లాప్లాసూ కలిసి ఒక గినీపిగ్‌ను చుట్టూ మంచు నింపిన పాత్రలో కూర్చోబెట్టి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో కొలిచారు. అది వదిలిన బొగ్గుపులుసు వాయువునూ, బొగ్గు మండితే వచ్చే వాయువునూ పోల్చి చూశారు. శ్వాస కూడా ఒక మెల్లని మంటేనని తేల్చారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ మంట ఊపిరితిత్తుల్లోనే ఉందనుకోవడం దగ్గర లావోయిజర్ తప్పటడుగు వేశాడు. ప్రాణవాయువు ఖర్చయ్యేది ఒళ్లంతా ఉన్న కణజాలాల్లో అన్న సంగతి గట్టిగా నిలబడటానికి 1870లలో జర్మనీలో ఫ్లూగర్ చేసిన పరిశోధనల దాకా ఆగాల్సి వచ్చింది.

మాట కథ కూడా ఇదే. ఇంగ్లీషు రెస్పిరేషన్‌కి మూలమైన లాటిన్ మాటకు అర్థం ఊపిరి తీయడమే. శాస్త్రం ముక్కు దగ్గర మొదలై, ఊపిరితిత్తులు దాటి, రక్తం వెంట పోయి కణం లోపలికి చేరింది. మాట కూడా దాని వెనకే వెళ్లింది. మనవాళ్లు తెలుగు చేసేటప్పుడు ఊరికే శ్వాస అనకుండా ‘క్రియ’ చేర్చారు. చదివేటప్పుడు మనం ఆ క్రియను తోకలా వదిలేస్తున్నాం గానీ, బరువంతా దాని మీదే ఉంది. శ్వాస ఊపిరి. శ్వాసక్రియ అంటే ఆ ఊపిరితో జరిగే పని మొత్తం: గాలి లోపలికి రావడం, రక్తంలో కలవడం, కణంలో ఆహారం విడిపోయి శక్తి బయటపడటం. పరీక్ష పేపర్లో ఒట్టి ‘శ్వాసక్రియ’ అని అడిగితే ఈ చివరి అంచె గురించే అడుగుతున్నారని పిల్లలకు ఎలా తెలుస్తుంది? ‘కణ శ్వాసక్రియ’ అని అడిగి ఉంటే ఈ గొడవే లేదు. ఆ మాత్రం తప్పు ప్రశ్న రాసినవారిది.

నన్నడిగితే, ఈ తేడా చెప్పడానికి సంస్కృతం దాకా పోనక్కర్లేదు. ‘ఊపిరితిత్తి’ అన్న మాట చూడండి. తిత్తి అంటే తోలు సంచి. కమ్మరి కొలిమి దగ్గర గాలి కొట్టేది తిత్తే. తిత్తి ఒకచోట ఉంటుంది, నిప్పు మరోచోట ఉంటుంది. తిత్తిలో ఇనుము కాలదు. అది గాలి అందిస్తుందంతే. లావోయిజర్‌కు తెలుగు వచ్చి ఉంటే ఆ ఒక్క పొరపాటూ తప్పేదేమో! (నవ్వులాటకే అంటున్నాను.) మనం లోపలికి తీసుకునే గాలిలో ప్రాణవాయువు సుమారు 21 శాతం, బయటికి వదిలేదాంట్లో సుమారు 16 శాతం. ఆ తగ్గిన అయిదూ తిత్తిలో ఖర్చు కాలేదు, కొలిమికి చేరింది.

కొలిమి అన్నానని కణంలో నిప్పుందనుకోకండి. కట్టెలో శక్తి ఒక్కసారి భగ్గుమంటుంది. కణం గ్లూకోజును మెట్టు మెట్టుగా విప్పుతుంది. మొదటి మెట్లు కణద్రవ్యంలో, మిగతావి ఎక్కువగా కణం లోపలే ఉండే చిన్న చిన్న భాగాలైన మైటోకాండ్రియాలో. అలా వచ్చిన శక్తిని ఏటీపీ అనే అణువుల్లో దాస్తుంది. పుస్తకాల్లో దీన్ని శక్తి కరెన్సీ అంటారు. నేనైతే చిల్లర అంటాను. అయిదొందల నోటిచ్చి పది రూపాయల టికెట్ అడిగితే కండక్టరు ఎలా చూస్తాడో తెలుసుగా! కణంలో ఏ పనికైనా చిల్లరే కావాలి. ఒక గ్లూకోజు నోటు మారిస్తే ఇప్పటి లెక్కల్లో 30-32 ఏటీపీలు వస్తాయి. పాత పుస్తకాల్లో 38 అని ఉంటుంది. సగానికి పైగా శక్తి వేడిగా పోతుంది. ఈ ఏటీపీని 1929లో బయటపెట్టినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆయన హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కనుక్కుంటే, అదే ఏడాది జర్మనీలో లోమన్ విడిగా కనుక్కున్నాడు.

ఆ వేడి మాట నమ్మకం కలగకపోతే, వానకు తడిసిన ధాన్యం రాశి దగ్గరికి వెళ్లండి. పైన చల్లగానే ఉంటుంది. మోచేతి దాకా చెయ్యి దూర్చితే లోపల వెచ్చగా, ఒక్కోసారి చురుక్కుమనేలా ఉంటుంది. గింజలూ, వాటిని పట్టిన బూజూ శ్వాసక్రియ జరుపుకుంటూ వదిలిన వేడి అది. రైతు ‘ధాన్యం వేడెక్కింది, తిరగెయ్యాలి’ అంటాడు. ముక్కూ తిత్తీ లేని గింజకు శ్వాసక్రియ ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇక ‘అవాయు’. ఇక్కడ వాయువంటే ప్రాణవాయువు. అది లేకుండానే ఆహారం నుంచి కాస్త శక్తి లాగే పద్ధతి అవాయు శ్వాసక్రియ. వేకువన దించిన తాటినీరా తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేసరికి నురగలు కక్కుతుంది. ఈస్టు అనే సూక్ష్మజీవి అందులోని చక్కెరను సారాయంగానూ, బొగ్గుపులుసు వాయువుగానూ మార్చేస్తుంది. నురగంతా ఆ వాయువే. ఒక గ్లూకోజుకు దానికి దక్కేది రెండే ఏటీపీలు. ఊపిరి అర్థంతో చూస్తే ‘గాలి లేని శ్వాస’ నవ్వు తెప్పించే మాటే. శక్తి రాబట్టుకునే పని అన్న అర్థంతో చూస్తే ఇబ్బంది లేదు. పుస్తకాల్లో దీన్నే కిణ్వనం అనీ అంటారు. కిణ్వం పాత మాటే, సుర తయారీకి వాడే సరుకుగా కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కనిపిస్తుంది. కానీ రోజూ దోసెల పిండి చూసే పిల్లలకు ‘పులియడం’ అనకుండా కిణ్వనం అనడం ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు. కాలేజీకి వెళ్లాక కిణ్వనమూ అవాయు శ్వాసక్రియా వేరని చెబుతారు, అప్పటి సంగతి అప్పుడు.

శ్వసించు, శ్వాసించు: ‘శ్వస్’ ధాతువు నుంచి వచ్చేది శ్వసించు. విశ్వసించు అంటాం గానీ విశ్వాసించు అనం కదా, రెండూ ఆ ధాతువువే. కాబట్టి వ్యాకరణం శ్వసించు వైపే ఉంది. కానీ శ్వాసించడం పత్రికల్లో, పాఠాల్లో బాగా స్థిరపడింది, నేను దిద్దను. మాట్లాడేటప్పుడు ఎలాగూ ఈ రెండూ అనం, ఊపిరి పీల్చుకుంటాం. ఊపిరికి ఊర్పు అనీ, ఉసురు అనీ పాత మాటలున్నాయి. నిడు + ఊర్పు నిట్టూర్పు, కుఱు + ఉసురు కుట్టుసురు. సంధి సూత్రం బట్టీ పట్టినవాళ్లకు కూడా ఈ రెండు ఉదాహరణల్లోనూ ఉన్నది ఊపిరేనని తట్టదు.

ఉత్ + శ్వాసం ఉచ్ఛ్వాసం. ‘చ’ కింద ‘ఛ’, దాని కింద ‘వ’. ఉఛ్వాసం, ఉచ్చ్వాసం తప్పులు. నిశ్వాసం, నిశ్శ్వాసం, నిఃశ్వాసం మూడూ చెల్లుతాయి. అర్థాల దగ్గరే చిక్కు. మన పాఠ్యపుస్తకాల్లో ఉచ్ఛ్వాసం లోపలికి, నిశ్వాసం బయటికి. సంస్కృత నిఘంటువుల్లో ఉచ్ఛ్వాసానికి రెండర్థాలూ ఉన్నాయి. అందుకే ఎవరైనా పండితుడు అడ్డంగా వాదిస్తే కంగారుపడకండి. ప్రాణాయామం నేర్పేవాళ్లు లోపలికి పూరకం, బయటికి రేచకం అని తేల్చేసుకుని ఈ తగాదా లేకుండా హాయిగా ఉన్నారు. మీ అమ్మాయిని మాత్రం పరీక్షల్లో పాఠంలో ఉన్నట్టే రాయమనండి.