హైదరాబాద్ కోకాపేటలో ఎకరం వంద కోట్లు పలికింది కాబట్టే ఫ్లాట్ల రేట్లు పెరిగాయా?

చాలావరకు కాదు, వరస తిరగేసి చూడాలి. బిల్డరు ముందు చూసేది అక్కడ చదరపు అడుగు ఎంతకు అమ్ముడుపోతుందని. అందులోంచి కట్టుబడి ఖర్చు, వడ్డీ, తన లాభం తీసేస్తే మిగిలేదే భూమికి పెట్టగలడు.

2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) వేలంలో కోకాపేట నియోపొలిస్ లేఅవుట్‌లో ఎకరం 100.75 కోట్లు పలికింది. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. దాని మీద, మాటవరసకు, 4 లక్షల అడుగులు కడితే ఒక్కో అడుగు మీద పడే భూమి ఖర్చు 2,500 రూపాయలు చిల్లర. లక్ష అడుగులే కట్టనిస్తే పది వేలు దాటుతుంది, అప్పుడు ఆ రేటుకు ఎవరూ పాడరు. 2006లో జీవో 86తో ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న హద్దు, ఎత్తేశారు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం లాంటివే ఎత్తును తేలుస్తాయి. అందుకే ఇరుకు గల్లీలో గజం రేటుకీ, పక్కనే వంద అడుగుల రోడ్డు మీద గజం రేటుకీ పొంతన ఉండదు.

అలాగని వేలం రేటు ఊరికే పోదు. నాకు బాధగా అనిపించేది ఇదే: మర్నాటికల్లా చుట్టుపక్కల ప్లాట్లున్నవాళ్లు రేటు పెంచి కూర్చుంటారు, నెలజీతం మీద ఇల్లు కొనాలనుకున్నవాళ్లు ఇంకా దూరంగా శంకర్‌పల్లి వైపు వెతుక్కోవాల్సి వస్తుంది.