టెంకారా కర్రకు ఏ దారం కట్టాలి?

ప్రశ్న: ఇక్కడి కొండవాగుల్లో యమామె అనే సాల్మన్ జాతి చేపలు పట్టాలని 3.6 మీటర్ల టెంకారా కర్ర (రీలు లేని జపాన్ గాలపు కర్ర) కొన్నాను. రీలు లేదు కదా అని, మన ఊళ్లో గాలానికి కట్టే 0.30 మి.మీ. నైలాన్ దారమే కట్టాను. ఫ్లై (పురుగులా చుట్టిన తేలికైన ఎర) ముందుకు పోవడం లేదు. దారం చుట్టలు పడి కాళ్ల దగ్గరే కూలుతోంది. ఫ్లోరోకార్బన్ కొనాలా, పేనిన దారం కొనాలా?
– ఒక పాఠకుడు, టోక్యో

జవాబు: ఫ్లోరోకార్బన్ కొనండి. 3.5 నంబరుది (నంబరు పెరిగేకొద్దీ దారం మందం, బరువు పెరుగుతాయి), ఆరెంజ్ రంగులో. చెరువు గాలానికైతే సీసం గుండు ఉంటుంది, విసిరితే ఎరను అదే లాక్కుపోతుంది. టెంకారాలో గుండు ఉండదు, ఫ్లైకి చెప్పుకోదగ్గ బరువూ లేదు. దాన్ని మోసుకుపోవలసింది దారమే. నైలాన్ సాంద్రత 1.14, ఫ్లోరోకార్బన్‌ది 1.78. 3.5 నంబరు మందం 0.31 మి.మీ., అంటే దాదాపు మీ దారమంతే. కానీ 3.6 మీటర్ల ముక్క నైలాన్‌లో 0.3 గ్రాము తూగితే ఫ్లోరోకార్బన్‌లో అర గ్రాముకు దగ్గరగా తూగుతుంది. ఆ కాస్త తేడాతోనే కర్ర వంగుతుంది, దారం తిన్నగా ముందుకు పోతుంది.

అలాగని 4.5 నంబరుకు పోవద్దు. 3 కంటే 4 మూడో వంతు బరువెక్కువ. బరువైన దారం గాలిని చీల్చుకుపోతుంది గానీ, పడ్డాక మధ్యలో కిందికి వేలాడి ఫ్లైని మీవైపు ఈడ్చేస్తుంది. అలా జారే ఎరను యమామె ముట్టదు. దారమంతా గాల్లో నిలిచి, చివర కట్టే సన్నటి దారం, అంటే టిప్పెట్ ఒక్కటే నీళ్లు తాకాలి. గాలి లేని రోజున, మెత్తటి కర్రకు 3 నంబరు చాలు.

మొదట కర్ర పొడవుకు సమానంగా కోయండి. కర్ర చివరనున్న లిల్లియన్ (చిన్న అల్లిక తాడు) కొసకు చిన్న ముడి వేసి, దారానికి ఉరిముడి వేసి, లిల్లియన్ ముడి వెనక బిగించండి. దారం కొస ఒక సెంటీమీటరు వదిలి దానికీ ముడి వేస్తే, విప్పేటప్పుడు పట్టుకు దొరుకుతుంది. రెండో కొసకు 5ఎక్స్ టిప్పెట్ ఒక మీటరు (ఎక్స్ ముందున్న అంకె తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది). ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి, పొడిగా లాగితే రాపిడి వేడికి దారం బలం పోతుంది.

చుట్టలు ఫ్లోరోకార్బన్‌కూ పడతాయి. అర మీటరు చొప్పున రెండు చేతులతో లాగి, కాసేపు అలాగే పట్టుకుంటే పోతాయి.

పేనిన దారం మెత్తగా పడుతుంది, నిజమే. కానీ నీళ్లు పీలుస్తుంది, వెనక్కి విసిరినప్పుడు తుంపర చిమ్ముతుంది, ఇరుకు వాగులో అర మీటరు తగ్గించుకుందామంటే కుదరదు. ఇటలీలో సేజియా లోయవాళ్లు నేటికీ గుర్రపు వెంట్రుకలు పేనిన దారంతోనే పడతారు, చాలా అందమైన పద్ధతి. అయినా గాలికి అది తేలిపోతుంది, నేర్చుకునేవారికి కష్టం.

ప్రశ్న: పెద్ద చేప పడితే తెగకుండా 3ఎక్స్ టిప్పెట్ వాడవచ్చా?

జవాబు: వద్దు. ముందుగా తెగవలసింది టిప్పెట్టే, లేకపోతే కర్ర కొస విరుగుతుంది. సుమారు 2 కిలోలకు తెగే 5ఎక్స్ కంటే మందమైనది వాడకండి. ఫ్లై రాతికి తగులుకుంటే కర్రను పైకెత్తి గుంజకండి. కర్ర ముక్కలను ఒకదానిలోకి ఒకటి దోపి పొట్టిగా చేసి, దారాన్ని చేత్తో పట్టుకుని తిన్నగా లాగండి.