డాక్టరు రాసిన చీటీ ఎవరి దగ్గర ఉండాలి?

నర్సంపేట వైపు ఒక మండల కేంద్రం నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వయసు 36. భర్త పోయి మూడేళ్లయింది. కారుణ్య నియామకం కింద జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది, కొడుకుతో తల్లిగారింట్లో ఉంటున్నారు. ఏడాదిగా నిద్ర లేదు, ఆఫీసులో ఫైలు ముందు కూర్చుంటే గుండె దడ, అరచేతుల్లో చెమటలు. గుండె పరీక్షల్లో ఏ లోపమూ లేదని, మందుతో పాటు సైకోథెరపీ కూడా అవసరమని హనుమకొండలో డాక్టరు చెప్పారు. తెలిసిన ఒక్క సైకాలజిస్టూ ఈమె వదినకు కాలేజీ స్నేహితురాలు. “ఊరంతా తెలుస్తది. ఎవ్వరికీ తెల్వని చోటు చెప్పండి, హైదరాబాదయినా పోత” అన్నది ఆమె కోరిక.

అమ్మా, మీరడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను, ఎందుకంటే అది చిన్న సంగతి. హైదరాబాదు వద్దు. సైకోథెరపీ అంటే ఒకసారి వెళ్లి మందు రాయించుకుని రావడం కాదు. వారానికోసారి ముప్పావు గంటో, గంటో కూర్చుని మాట్లాడాలి, మీలాంటి ఆందోళనకు సాధారణంగా 12 నుంచి 20 సార్లు పడుతుంది. ప్రతి వారం పిల్లవాణ్ని ఎవరికో అప్పగించి, కాజీపేటలో రైలెక్కి, రాత్రికి ఇల్లు చేరాలంటే మూడో వారానికే మానేస్తారు. వదిన స్నేహితురాలి దగ్గరకు కూడా వెళ్లకండి. ఆమె ఎంత మంచివారైనా, మీ ఇంటి మనిషితో ముందే చనువున్నవారి ఎదుట మీరు ఆ ఇంటి గురించి నోరు విప్పలేరు, పద్ధతి తెలిసిన సైకాలజిస్టయితే ఈ చుట్టరికం తెలియగానే తామే మరొకరి పేరు చెబుతారు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడ అడగండి. ప్రైవేటుగా వెళ్లేటట్టయితే, క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు సంఖ్య ఉంటుంది, మొహమాటపడకుండా అడిగి తెలుసుకోండి. నాలుగుసార్లు ఎదురుగా కూర్చున్న తరువాత కొన్ని వారాలు వీడియోలో మాట్లాడే వీలు కూడా చాలామంది ఇస్తున్నారు.

అసలే పరిచయం లేని మనిషి మాత్రం మన దగ్గర దొరకరు. ఏదో ఒక పెళ్లిలోనో, సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గరో ఎదురుపడతారు. అందుకే మొదటి రోజే తేల్చుకోవాలి: బయట కనిపిస్తే మీరు పలకరిస్తేనే ఆ సైకాలజిస్టు పలకరించాలి, పక్కనున్నవారు “ఎట్ల తెలుసు?” అంటే చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చిన్న ఊళ్లలో పని చేసే సైకాలజిస్టులకు ఇది కొత్త మాట కాదు.

ఇక మీ ఉత్తరంలోని అసలు సంగతి. నాలుగు పేజీలు రాశారు. మూడు పేజీల నిండా ఊరు, ఆఫీసు, వాకిట్లో కూర్చుని వచ్చే పోయే వారిని చూసే ఆడవాళ్లు. చివరి పేజీలో, మరో మాట మధ్యలో, ఇలా రాశారు: “డాక్టరు ఇచ్చిన చీటి అన్నయ్య చూసి మడిచి జేబుల పెట్టుకున్నడు, నేను చూసుకుంట అన్నడు.” ఆ చీటీ మీకు తిరిగి రాలేదు. ఆ మాట తరువాత మీరు ఊరి గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు, మీ జీతం పడే ఖాతా ఏటీఎం కార్డు ఆయన దగ్గరుందని, రోజూ రాత్రి ఫోన్ చేసి ఆఫీసులో ఎవరితో మాట్లాడావో అడుగుతారని, “మన ఇంట్ల పిచ్చోళ్లు లేరు” అన్నారని రాసి ముగించారు. ఊరివాళ్లలో ఎవరూ మిమ్మల్ని ఒక్క మాట కూడా అన్నట్టు ఆ మూడు పేజీల్లో ఎక్కడా లేదు.

మీ అన్నయ్యను దుర్మార్గుడని నేను అనను. మీ భర్త పోయినప్పుడు మరణ ధ్రువపత్రం నుంచి వారసత్వ పత్రం దాకా కాగితాలన్నీ పట్టుకుని తహసీల్ ఆఫీసు చుట్టూ, కలెక్టరేటు చుట్టూ తిరిగినది ఆయనే, మీ ఉద్యోగం ఆయన కాళ్లరిగితేనే వచ్చింది. తోబుట్టువు కోసం అంత చేసిన మనిషికి మీరు ఋణపడి ఉండడం న్యాయం. మేనకోడలికి సంబంధాలు చూస్తున్న ఈ సమయంలో మేనత్త మానసిక వైద్యానికి వెళుతోందని తెలిస్తే ఏమవుతుందోనన్న ఆయన భయం కూడా నాకు అర్థమవుతుంది. అయితే ఆ ఋణం మీ నిద్రతో తీర్చేది కాదు. నెల నెలా జీతం తెచ్చి, కొడుకును పెంచుతున్న 36 ఏళ్ల మనిషి తన మందు చీటీ కోసం ఒకరి అనుమతికి ఎదురు చూడడం చూసి నా మనసు కష్టపడింది. మేనత్త ఆరోగ్యం కుదుటపడుతోందని విని వెనక్కి పోయే సంబంధం పోతేనే ఆ పిల్లకు మంచిది.

చట్టం కూడా ఈ విషయంలో మీ పక్షానే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచవలసిన బాధ్యత చికిత్స చేసేవారిది. ప్రాణానికి ముప్పు, కోర్టు ఉత్తర్వు వంటి కొన్ని సందర్భాల్లోనే మినహాయింపు. ఇందులో మీరు తప్పక తెలుసుకోవలసినది మరొకటి ఉంది. మీ తరఫున నిలబడే ప్రతినిధిగా మీకు నమ్మకమున్న, పద్దెనిమిదేళ్లు నిండిన ఎవరినైనా, వారు ఒప్పుకుంటే, తెల్లకాగితం మీద రాసి సంతకం చేసి నియమించుకోవచ్చు. ఎవరినీ రాయకపోతే అవసరమైనప్పుడు బంధువునే ప్రతినిధిగా చూస్తారు, మీ ఇంట్లో ఆ బంధువు ఎవరవుతారో నేను చెప్పనక్కరలేదు. జమ్మికుంటలో ఉన్న మీ ఆడబిడ్డ గురించి ఒకచోట రాశారు. పంపకాల గొడవ తరువాత ఆమెతో మాట్లాడవద్దని అన్నయ్య అన్నా, నెలకోసారి ఆమే ఫోన్ చేసి “నిద్ర వడుతుందా వదినా?” అని అడుగుతోందట. ఈ ఉత్తరం మొత్తంలో మిమ్మల్ని ఆ ప్రశ్న అడిగిన మనిషి ఆమె ఒక్కరే. ఆమెను అడిగి, ఆమె పేరు రాయండి.

అన్నయ్యకు చాటుగా ఏదీ చేయకండి. దొంగతనంగా వెళ్లి వచ్చే మనిషికి చికిత్స పారదు, పట్టుబడతామేమోనన్న దడ ఉన్న దడకు తోడవుతుంది. ఫోన్‌లో కాకుండా ఆయన ఇంటికి వచ్చినప్పుడు, అమ్మ ఎదుటే చెప్పండి: “అన్నా, నాకు ఏడాది నుంచి నిద్ర లేదు. డాక్టరు చెప్పినట్టు చూపించుకుంట. నా చీటి నాకియ్యి.” కారణాలు వివరించకండి, ఏడవకండి, పాత ఉపకారాలు తలచుకుని మధ్యలో ఆగిపోకండి. ఆయన ఇవ్వకపోతే వాదన పెట్టుకోవద్దు, మరుసటి సెలవు రోజున బస్సెక్కి హనుమకొండ వెళ్లి అదే డాక్టరు దగ్గర మళ్లీ రాయించుకోండి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్ ఖర్చు లేదు కాబట్టి దారి ఖర్చుకైనా ఆయన్ను అడగవలసిన పని లేదు. ఏటీఎం కార్డు మాట మాత్రం ఇప్పుడే ఎత్తవద్దు. రెండు గొడవలు ఒకేసారి తలకెత్తుకునే బలం మీకు ఇంకా రాలేదు, నాలుగైదు వారాల తరువాత ఆ విషయం సైకాలజిస్టు ముందే పెట్టండి, ఎలా అడగాలో ఇద్దరూ కూర్చుని ఆలోచించుకోవచ్చు.

ఈలోగా ఏ రాత్రయినా దడ భరించలేనంత పెరిగినా, బతికి ఏం లాభమన్న ఆలోచన వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి. 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. 24 గంటలూ పలుకుతుంది, డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.