మన ఊరి ఆటగాడు, పొరుగు దేశపు కెప్టెన్

ప్రశ్న: పాకిస్తాన్ క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన ఆసిఫ్ ఇక్బాల్ మన హైదరాబాదీయేనని మా తాతగారు చెబుతుంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: నిజమే. 1943లో హైదరాబాద్‌లో పుట్టిన ఆసిఫ్, భారత మాజీ కెప్టెన్ గులాం అహ్మద్‌కు మేనల్లుడు. రంజీ ట్రోఫీలో మన జట్టుకు ఆడి, 1961లో పాకిస్తాన్‌కు వలస వెళ్లారు. 1964లో టెస్టుల్లో అడుగుపెట్టినప్పుడు ఆయన ప్రధానంగా బౌలర్. వెన్నునొప్పి బౌలింగును తగ్గించగా, బ్యాటింగే ఆయనను నిలబెట్టింది. 1967లో లండన్‌లోని ఓవల్ మైదానంలో 53 పరుగులకే 7 వికెట్లు పడిన దశలో వచ్చి 146 పరుగులు చేసి, సహచరుడు ఇంతిఖాబ్ ఆలంతో తొమ్మిదో వికెట్‌కు 190 పరుగులు జోడించిన ఆ ఇన్నింగ్స్, జట్టు ఓడినా, నా దృష్టిలో ఆయన జీవితంలోకెల్లా గొప్పది. ఇంగ్లండ్‌లో కెంట్ కౌంటీకీ చాలాకాలం ఆడారు. 1979–80లో కెప్టెన్‌గా భారత్‌కు వచ్చి, తన 58వ టెస్టును, అదే చివరిదానిని, కలకత్తాలో ఆడారు. పుట్టిన దేశపు గడ్డమీదే టెస్టు జీవితం ముగియడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

ఇప్పుడైతే పుట్టుక, పౌరసత్వం లేదా వరుసగా మూడేళ్ల నివాసం ఆధారంగా ఒక దేశానికి ఆడే అర్హతను ఐసీసీ (అంతర్జాతీయ క్రికెట్ మండలి) నిర్ణయిస్తుంది.