కత్తి సంగతి తర్వాత, ముందు బియ్యం లెక్క చూడు

అమ్మాయీ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మంచులో కత్తిపోరు బాగా రాశావు, చేతిలో పట్టుంది. కానీ కథ 1700లో జపాన్‌లో జరుగుతుందన్నావు, ముప్పై ఏళ్ళ నీ సమురాయ్ అప్పటికే ఐదు యుద్ధాలు గెలిచాడన్నావు. ఏ యుద్ధాలమ్మా? తొకుగవా ఇయెయసు 1600లో సెకిగహారా దగ్గర గెలిచాడు, 1603లో షోగన్, అంటే దేశాన్ని ఏలే సేనాధిపతి అయ్యాడు. 1615లో అతని శత్రువుల ఒసాకా కోట పడిపోయింది. 1637-38లో షిమబరా తిరుగుబాటును అణిచాక రెండు వందల ఏళ్ళకు పైగా అక్కడ పెద్ద యుద్ధమే లేదు. నీ హీరో తండ్రి కూడా యుద్ధం చూసి ఉండడు.

ఇది నీ కథను కొట్టిపారెయ్యడానికి చెప్పడం లేదు. యుద్ధం చెయ్యడానికే పుట్టానని నమ్మినవాడు యుద్ధం లేని దేశంలో ఎలా బతికాడు? నీ అసలు కథ అక్కడుంది.

నేను ఏ కాలం గురించి రాసినా ముందు రెండు చూస్తాను: వాళ్ళు ఏం తిన్నారు, ఎవరికి బాకీ పడ్డారు. నీ సమురాయ్ జీతం బియ్యం. మనకు పుట్టి, కుంచం ఉన్నట్టు వాళ్ళకు కొకు, అంటే సుమారు 180 లీటర్లు. ఒక మనిషికి ఏడాది తిండి అని లెక్క. భూమి విలువ, మనిషి హోదా అన్నీ అందులోనే కొలిచేవారు. పదివేల కొకులు, ఆ పైన ఉన్నవాడు దైమ్యో, సంస్థానాధీశుడు. కగా సంస్థానమేలిన మయెదా వంశానిది పది లక్షల పైమాటే. చిన్న సమురాయ్‌కి కొన్ని పదులు దక్కితే అదే ఎక్కువ. ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, షోగన్ కొలువు చేసేవాళ్ళ బియ్యాన్ని అసకుసా గిడ్డంగుల దగ్గర దళారులు అమ్మిపెట్టేవారు. వచ్చే ఏటి బియ్యం మీద ఈ ఏడే అప్పిచ్చేవారు. ఆ అప్పులు ఎంత ముదిరాయంటే 1789లో ప్రభుత్వమే పాత బాకీలు రద్దు చేయాల్సి వచ్చింది. పేద సమురాయ్‌లు ఇంట్లో కూర్చుని గొడుగులకు కాగితం అంటించి నాలుగు డబ్బులు సంపాదించుకునేవారు. నడుముకు రెండు కత్తులు, వేళ్ళకు జిగురు. ఆ వేళ్ళు నాకు చూపించు.

ఇంకో సంగతి. దైమ్యో భార్య భర్తతో కలిసి వాళ్ళ సంస్థానానికి వెళ్ళినట్టు రాశావు. ఆమెను వెళ్ళనివ్వరు. 1635 నాటి శాసనంతో దైమ్యోలు ఒక ఏడు ఎడోలో, ఒక ఏడు సొంత సంస్థానంలో ఉండటం తప్పనిసరైంది. భార్య, వారసుడు మాత్రం ఎడోలోనే. ఇల్లు పెద్దదే, కానీ వాళ్ళు తాకట్టు మనుషులు. ఎడో దారిలో ఉన్న హకోనే చెక్‌పోస్టులో ముఖ్యంగా ఎడో నుంచి బయటికి వెళ్ళే ఆడవాళ్ళ మీద కన్ను. వాళ్ళను సోదా చెయ్యడానికి అక్కడ ఆడమనిషే ఉండేది. జుట్టు ముడి విప్పించి, అనుమతి పత్రంలో రాసిన ఆనవాళ్ళతో సరిచూసేది. నీ పది పేజీల కత్తిపోరులో కనబడని, షోగన్‌కున్న భయం ఆ ముడి విప్పే అర నిమిషంలో కనిపిస్తుంది.

రైతుల్ని 'పొలాల్లో వంగిన నీడలు' అని ఒక్క వాక్యంలో దాటేశావు. అది నాకు కష్టంగా అనిపించింది. ఆ బియ్యం పండించింది వాళ్ళే కదా. ఐదేసి ఇళ్ళను ఒక జట్టుగా కట్టి, ఒకరు శిస్తు ఎగ్గొడితే మిగతావాళ్ళు కట్టాలన్నారు. తట్టుకోలేక ఊరంతా కలిసి అర్జీ పెడితే ముందు నిలబడినవాడి ప్రాణం పోవచ్చు. అందుకని పేర్లను వరసగా రాయకుండా గుండ్రంగా, తెరిచిన గొడుగు ఊచల్లా రాసేవారు. మొదటి పేరు ఏదో ఎవరూ చెప్పలేరు. దాన్ని గొడుగు సంతకం అనే పిలిచారు. అలాంటి కాగితం ఫొటో మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

ఇవన్నీ ఒకే కథలో కుక్కకు. వీటిలో నిన్ను నిద్రపోనివ్వనిది ఏదో ఒకటి పట్టుకుని తిరగరాయమ్మా. సంక్రాంతికి ఊరొస్తావుగా, కొత్త ప్రతి తెచ్చివ్వు. టెన్షన్ పడకు, అదీ రెండుసార్లు చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు