వారంటీ అయిపోయాక బండి ట్యాంకు కారుతుంటే

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మెట్ల కింద ఇన్వర్టర్ పక్కన పెట్టిన బైకు ట్యాంకు కింద పెట్రోల్ తడి కనబడుతోందని, షోరూమ్ వాళ్లు వారంటీ అయిపోయింది, కొత్త ట్యాంకు వేయించుకోవాల్సిందే అన్నారని రాశావు. కొత్త ట్యాంకుకు ఇప్పుడే డబ్బు కట్టొద్దు. వెల్డింగ్ షాపుకు ఇప్పుడే పోవద్దు. ఈ పనిలో ఏది ముందు, ఏది తర్వాత అన్నదే ముఖ్యం. వరస తప్పితే డబ్బన్నా పోతుంది, అంతకన్నా పెద్దదన్నా పోతుంది.

మొదట బండిని మెట్ల కింద నుంచి బయటికి తియ్యి. ఇన్వర్టర్ పక్కన ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు, నేలబారున పాకి మూలల్లో, గుంటల్లో నిలబడుతుంది. గాలిలో నూటికి ఒకటిన్నర వంతు చేరితే చాలు, అంటుకుంటుంది. మోటారు స్విచ్ వేసినప్పుడు లోపల వచ్చే చిన్న మెరుపైనా, దేవుడి గూట్లో దీపమైనా చాలు. చల్లటి పొద్దున భయం లేదనుకోవద్దు, ఎంత చలిలోనైనా పెట్రోల్ ఆవిరవుతూనే ఉంటుంది. ఆరుబయట నీడన పెట్టి, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి, దగ్గర్లో ఒక బకెట్ నిండా పొడి ఇసుక పెట్టుకో. పెట్రోల్ మంట మీద నీళ్లు పోస్తే మంట నీళ్ల మీద తేలి ఇంకా పరుచుకుంటుంది.

ఇక ఎక్కడ నుంచి కారుతోందో తేల్చాలి. ట్యాంకు కారుతోందని వచ్చే బండ్లలో చాలావాటికి ట్యాంకు రేకు బాగానే ఉంటుంది. అందుకే కొత్త ట్యాంకుకు డబ్బు కట్టొద్దన్నది.

అనంతపురం ఎండల్లో ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. బంకులో మూత అంచుదాకా పోయించుకుని బండిని ఎండలో పెడితే పెట్రోల్ ఉబ్బుతుంది. ఇరవై డిగ్రీలు వేడెక్కితే పది లీటర్లకు దాదాపు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. అది మూత గొంతులో నుంచి పొంగి, పక్కనున్న డ్రెయిన్ పైపు గుండా ఇంజను కిందకి కారుతుంది. నింపిన రోజే కారి, సగమయ్యాక ఆగిపోతే చిల్లేమీ లేదు. గొంతు కింద పట్టీ దాకానే పోయించుకో, చాలు.

అది కాకపోతే సీటు, పక్క ప్యానెళ్లు తీసి ట్యాంకు అడుగు కనబడేలా చెయ్యి. పాత నూలు గుడ్డతో తడంతా తుడిచి, సుద్దపొడో, పౌడరో అడుగంతా పల్చగా అద్ది పావుగంట ఆగు. పెట్రోల్ పుట్టే చోట పొడి నల్లబడి గీతలా దిగుతుంది. ఆ గీత పైకొసే నీకు కావలసింది. కింద చుక్క పడే చోటును నమ్మొద్దు. రెండు రేకులు కలిసే అతుకు అంచు వెంబడి పెట్రోల్ జానెడు దూరం పారి అక్కడ చుక్కగా పడుతుంది. రంగు పొక్కులా లేచిన చోటునూ వేలితో తడిమి చూడు. రేకు లోపల నుంచి తినేస్తే రంగు బయటికి అట్లనే ఉబ్బుతుంది.

పాత కార్బొరేటర్ బండైతే పెట్రోల్ కాక్, అంటే ట్యాంకు కింద పెట్రోల్ తెరిచి మూసే కుళాయి, దగ్గర చూడు. రెండు బోల్టులతో బిగించి ఉంటుంది. మధ్యలో ఓ-రింగ్ అనే గుండ్రటి రబ్బరు, బోల్టు కింద చిన్న వాషర్లు ఉంటాయి. ఆ వాషర్లు గట్టిపడితే కాక్ కొత్తదేసినా కారుతుంది, అవి కూడా మార్చాలి. కార్బొరేటర్ అడుగు పైపు నుంచి చుక్క పడుతుంటే, లోపల పెట్రోల్ నిండగానే ఆపే ఫ్లోట్ నీడిల్‌లో మన్ను చేరినట్టు. అప్పుడు ఇంజను ఆయిల్ కూడా వాసన చూడు. పెట్రోల్ వాసనొచ్చి పల్చబడితే ఆయిల్ మార్చకుండా నడపొద్దు.

నీది 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (పొగ నియమాల కొత్త మెట్టు) బండి, కార్బొరేటర్ బదులు పంపు ఒత్తిడితో పెట్రోల్ చల్లే ఇంజెక్షన్ బండే కాబట్టి పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. అడుగున గుండ్రటి ప్లేటు, చుట్టూ నట్లు, దాని కింద పెద్ద రబ్బరు రింగు. ఆ రింగు దగ్గర తడిస్తే రింగు మాత్రమే మార్చుకో, ట్యాంకు కాదు. ఒకసారి విప్పిన రింగును మళ్లీ వాడొద్దు. పైపులో దాదాపు మూడు బార్ ఒత్తిడి ఉంటుంది, అందుకే విప్పేముందు పంపు కనెక్టర్ లాగేసి ఇంజను స్టార్ట్ చేసి దానంతటదే ఆగేదాకా వదలాలి. ఇదొక్కటి బ్యాటరీ వైరు తగిలించుకుని చేసే పని, అయ్యాక మళ్లీ ఊడదీసెయ్. నట్లు ఒకటి విడిచి ఎదురుది, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకే పక్క బిగిస్తే ప్లేటు వంగి అదే మళ్లీ కారుతుంది. ఇంజెక్షన్ బండికి కార్బొరేటర్ పైపు, మామూలు క్లిప్పు తగిలించే మెకానిక్కు బండి ఇవ్వొద్దు, ఆ ఒత్తిడికి ఊడిపోతుంది.

రబ్బరు గురించి ఒక మాట. మన బంకుల్లో ఇప్పుడు ఇథనాల్ ఇరవై శాతం కలిసిన ఈ20 వస్తోంది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లలో దానికి తట్టుకునే సామాను వేస్తున్నారు. అంతకు ముందు బండైతే ఓ-రింగులు, పైపులు ఉబ్బి పగిలే వీలుంది. మార్చేటప్పుడు ఈ20కి తగినవేనా అని అడిగి తీసుకో. ఇథనాల్‌కు ఇంకో గుణం, నీళ్లు లాగుతుంది. నీళ్లెక్కువైతే ఆ మిశ్రమం విడిపోయి అడుగున చేరుతుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే.

కాక్, పంపు రింగు రెండూ కావని తేలి, రేకులోనో అతుకులోనో చిల్లుంటే ఇక కాగితం పని. విప్పకముందే ఫొటోలు, వీడియో తియ్యి. సుద్దపొడి మీద తడి దిగుతున్న గీత, ఓడోమీటరు, చాసిస్ నంబరు మూడూ కనబడాలి. సర్వీస్ సెంటర్లో జాబ్ కార్డు, అంటే బండి తీసుకునేటప్పుడు ఫిర్యాదు రాసిచ్చే కాగితం, రాయించి, అందులో ‘ట్యాంకు అతుకు దగ్గర లీకు’ అని వాళ్ల చేతే రాయించుకో. ‘జనరల్ చెకప్’ అని రాసిస్తే తీసుకోవద్దు. తుప్పు తినేసిందా, అతుకే చెడ్డదా అన్నది ఇక్కడే తేలాలి. ట్యాంకు ఖాళీ చేసి నీళ్లతో కడిగాక టార్చి వేసి లోపల చూడు. అడుగంతా ఎర్రటి పొడి, పొరలుగా రాలుతుంటే నీళ్ల తుప్పు. అదంత సులువుగా కంపెనీ నెత్తిన వెయ్యలేవు. లోపలి రేకు శుభ్రంగా మెరుస్తూ, చిల్లు మాత్రం అతుకు గీత మీదో, బ్రాకెట్ అతికించిన మూలనో ఉంటే అది వెల్డింగ్ లోపమయ్యే అవకాశం ఎక్కువ.

అప్పుడు కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ రాయి. ఫోను మాట లెక్కలోకి రాదు. కొన్న తేదీ, కిలోమీటర్లు, సర్వీసుల బిల్లులు, ఫొటోలు పెట్టి, ఇది తయారీ లోపం, ప్రాణాపాయమైన లీకు, ఉచితంగానో సగం ఖర్చుతోనో మార్చండి అని సూటిగా అడుగు. వారంటీ దాటాక కూడా కంపెనీలు ఒక్కోసారి గుడ్‌విల్ కింద, అంటే బాధ్యత లేకున్నా మంచి పేరు కోసం, కొంత భరిస్తాయి, అడిగినవాళ్లకే. జవాబు రాకపోతే 1915కు ఫోన్ చెయ్యి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తర్వాత అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నువ్వున్న జిల్లాలోనే ఫిర్యాదు వెయ్యొచ్చు. కొన్న విలువ ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు అగత్యం లేదు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల లోపు వెయ్యాలి. బండి తయారై ఏడేళ్లు దాటకపోతే కేంద్ర రవాణా శాఖ రీకాల్ పోర్టల్‌లో (లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిపించి బాగుచేయించే వెబ్‌సైటు) కూడా నమోదు చెయ్యి. ఇదే లోపం ఇంకా చాలామంది చెబితే అక్కడ లెక్కకొస్తుంది.

ఒకటి మాత్రం మరవొద్దు. కొత్త ట్యాంకు వేస్తే పాతది వాళ్లకు వదిలి రావద్దు, అడిగి తెచ్చుకో. లోపం చూసి తెలిసేది కాకపోతే కమిషన్ ల్యాబుకు పంపుతుంది. పాత ట్యాంకు లేకపోతే పంపేదేముంది? చిల్లు మీద వెల్డింగ్ పడితే కూడా సాక్ష్యం అంతటితో పోయినట్టే. కాగితం పని కాకుండా వెల్డింగ్ వద్దన్నది ఇందుకే.

షాపు దాకా పోవాలంటే బండిని తొయ్యి, లేదా ఆటో ట్రాలీలో వెయ్యి. చిన్న సూదిమొన చిల్లైతే గట్టి బట్టల సబ్బు ముక్క దాని మీద బిర్రుగా రుద్దితే కాసేపు ఆగుతుంది. పెట్రోల్‌లో సబ్బు కరగదు. అయితే ఇథనాల్ ఉన్న పెట్రోల్ సబ్బును కూడా మెల్లగా మెత్తబరుస్తుంది, ఎక్కువసేపు నమ్మకు. ఎం-సీల్ లాంటి ముద్దలు కూడా అంతే. రంగు గీకి ఇనుము బయటపెట్టి, తడి లేకుండా ఆరబెట్టి వేస్తేనే పట్టుకుంటాయి. కారుతున్న చిల్లు మీద ఒత్తితే కింద నుంచి పెట్రోల్ తోసి రెండో రోజే ఊడిపోతాయి. తర్వాత వెల్డింగ్ వేసేటప్పుడు ఆ ముద్ద కాలి అతుకును పట్టుకోనివ్వదు.

రిపేరే చేయించాలనుకుంటే, ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకన్నా ప్రమాదమని గుర్తుపెట్టుకో. నిండా పెట్రోల్ ఉంటే లోపల గాలికి చోటుండదు. ఖాళీదాంట్లో ఆవిరీ గాలీ కలిసి, నిప్పు తగిలితే బాంబు మాదిరి పేలుతుంది. ఒకసారి కడిగితే చాలదు. రేకుల మధ్య చిక్కుకున్న పెట్రోల్ మంట వేడికి మళ్లీ ఆవిరై బయటికొస్తుంది. పంపు, మీటరు సెన్సర్, మూత అన్నీ తీసేసి, వేడినీళ్లు, బట్టల పొడి వేసి నాలుగైదు సార్లు కడిగించు. మంట పెట్టేటప్పుడు చిల్లు పైకి వచ్చేలా తిప్పి, చిల్లుకు ఒక అంగుళం కింద దాకా నీళ్లు నింపించు. లోపల పట్టిన ఆవిరి బయటికి పోయేలా మూత గొంతు తెరిచే ఉంచాలి. ఇదంతా తనంతట తనే చేసేవాడికే పనివ్వు. ‘ఏం కాదులే అన్నా’ అనేవాడి దగ్గర నుంచి గమ్మున ట్యాంకు తీసుకుని వచ్చెయ్. రేడియేటర్ల పని చేసే పాత షాపుల వాళ్లు దీంట్లో చెయ్యి తిరిగినవాళ్లు.

ట్యాంకు రేకు ఒక మిల్లీమీటరు అటూఇటూ ఉంటుంది. మామూలు కరెంటు వెల్డింగ్ పెడితే చిన్న చిల్లు పెద్దదవుతుంది. గ్యాస్ మంటతో ఇత్తడి అతుకు వేయించు. అయ్యాక దాని మీద మిగిలే పౌడర్ పొరను వేడినీళ్లతో కడగకపోతే అదే మళ్లీ రేకును తింటుంది. రంగు ఆ చుట్టూ కాలుతుంది, పెయింటు ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకో. అతుకేసిన చుట్టూ స్క్రూడ్రైవర్ పిడితో గట్టిగా నొక్కి చూడు. రేకు లోపలికి దిగినా, పొరలు రాలినా ఇక అతుకులకు డబ్బు పోయొద్దు. ఒకటి మూస్తే నెలకు ఇంకొకటి తెరుచుకుంటుంది, కొత్త ట్యాంకే దారి. లోపల రసాయన పూత వేయించమని చెప్పేవాళ్లుంటారు. తుప్పు పూర్తిగా తీసి, ఎండబెట్టి వేస్తే బాగుంటుంది. తుప్పు మీద పూస్తే పెచ్చులై పంపు జాలీలో చేరి బండి నడిరోడ్డు మీద ఆగుతుంది.

అతుకేసిన ట్యాంకును నీళ్లతో మాత్రమే పరీక్షించి నమ్మొద్దు. నీళ్లు ఆగే చోట పెట్రోల్ చెమరుస్తుంది. బండికి ఎక్కించకముందే అర లీటరు పెట్రోల్ పోసి, అతుకు కిందికొచ్చేలా ఆరుబయట పాత పేపరు మీద ఒక రాత్రి పెట్టించు. పేపరు మీద మరకుంటే మళ్లీ మొదటి నుంచి.

కొత్తదైనా, అతికినదైనా, బిగించేటప్పుడు ట్యాంకు కింద రబ్బరు దిమ్మలు ఉన్నాయా చూడు. అవి లేకపోతే ఇనుము ఇనుముకు రాసుకుని బ్రాకెట్ మూల పగులుతుంది. మూత పక్కన డ్రెయిన్ రంధ్రంలో సన్నటి తీగ తోసి, పై నుంచి నీళ్లు పోసి కింద పైపులో వస్తున్నాయో చూడు. మన దుమ్ముకు అది మూసుకుపోతుంది, మొదటి వానకే మూత చుట్టూ నీళ్లు నిలిచి ట్యాంకులోకి దిగుతాయి. వాటర్ సర్వీసు వాడిని మూత మీద పైపు పెట్టొద్దని చెప్పు. ట్యాంకు మీది రెక్సిన్ కవరు తీసెయ్, దాని కింద చేరిన తడి ఎన్నాళ్లకూ ఆరదు.

తీసిన పెట్రోల్ ప్లాస్టిక్ బకెట్లో, నీళ్ల సీసాలో పోయొద్దు, మూతున్న ఇనుప డబ్బాలో పట్టు. నోటితో పీల్చొద్దు. తుప్పు కలిసిందైతే మళ్లీ బండిలో పోయకు, కాలువలోకీ వదలకు, ఆ మెకానిక్‌కే ఇచ్చెయ్. జాబ్ కార్డు ఫొటో, సుద్దపొడి వీడియో నాకు పంపు. కంపెనీకి మెయిల్ ఎట్ల రాయాలో చూసి చెప్తా.

మీ మామయ్య
కడప