మావాడు లీగ్‌కి రెడీనా?

ప్రశ్న: మావాడికి 19 ఏళ్లు, హాకీలో ఫుల్‌బ్యాక్ (మన గోల్ ముందు కాపు కాసే డిఫెండర్), యూనివర్సిటీ టీమ్‌కి ఆడుతున్నాడు. వాణ్ణి దాటి బాల్ పోదని అందరూ అంటారు. కోచ్ గారేమో హాకీ ఇండియా లీగ్‌కి ప్రయత్నిద్దాం అంటున్నారు, మా బావమరిదేమో ఇంకో రెండేళ్లు ఆగమంటున్నాడు. ఎలా తేల్చుకోవాలి? డిగ్రీ మధ్యలో ఆపించమంటారా?
– ఒక తండ్రి, పటమట, విజయవాడ

జవాబు: ముందు నాకో సంగతి చెప్పండి. వాణ్ణి దాటి బాల్ పోదన్నవాళ్లు వాడి ఆట చూసింది మట్టి గ్రౌండులోనా, టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) మీదా? మన వైపు పిల్లలు చాలామంది మట్టిలోనే నేర్చుకుంటారు. అక్కడ బాల్ గంతులేస్తూ వస్తుంది, ఫార్వర్డ్ (గోల్ కొట్టడానికి వచ్చే ఎదుటివాడు) దాన్ని అదుపులోకి తెచ్చుకునేలోపు మనవాడు వెళ్లి లాగేసుకుంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు ఈలలు వేస్తారు. నీళ్లు కొట్టిన టర్ఫ్ మీద ఫార్వర్డ్‌కి ఆ తడబాటు ఉండదు. గుంటూరులో ఆడే రోజుల్లో నేనూ అలాంటి మొనగాణ్ణే, మొదటిసారి టర్ఫ్ ఎక్కిన రోజు నేను కర్ర చాచేసరికి బాల్ మా గోల్‌లో ఉంది. అందుకని కాకినాడ టర్ఫ్ మీద కనీసం నాలుగైదు మ్యాచ్‌లు ఆడించి (2023లో జాతీయ సీనియర్ మహిళల పోటీలు జరిగింది అక్కడే) ఆ తర్వాత మాట్లాడుకుందాం.

అక్కడ మాత్రం బాల్ వెనక మీ కళ్లు పరిగెత్తనివ్వకండి, మీవాణ్ణే చూస్తూ కూర్చోండి. ఎదుటివాడు దూసుకొస్తుంటే వెంటనే కర్ర వేస్తున్నాడా, లేక వెనక్కి జరుగుతూ వాణ్ణి సైడ్ లైన్ వైపు తోలుకుపోతున్నాడా? తోలడం వచ్చినవాడే డిఫెండర్. బాల్ దొరికాక ఇద్దరు మీదపడితే ఏం చేస్తున్నాడో కూడా చూడండి. కళ్లు మూసుకుని ముందుకు బాదేస్తే పై స్థాయిలో ఆ బాల్ పది సెకన్లలో తిరిగొస్తుంది. తలెత్తి చూసి, ఖాళీగా ఉన్నవాడికి నేల మీద గట్టిగా తోస్తే, లేదంటే వాళ్ల తలల మీదుగా లేపి అవతల మనవాడికి పడేలా వేస్తే, కోచ్ గారి మాటలో నిజం ఉన్నట్టే.

పెనాల్టీ కార్నర్ (మన గోల్ దగ్గర తప్పు చేస్తే ఎదుటి జట్టుకిచ్చే అవకాశం) అప్పుడు గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే కాపు ఉంటారు. వాళ్లలో ముందుగా ఫ్లిక్కర్ (గోల్ మీదికి బాల్ విసిరే ఎదుటివాడు) మీదికి పరిగెత్తేది మీవాడేనా అని అడగండి. అది ధైర్యం ఒక్కదానితో అయ్యే పని కాదు, ఏ గీత మీద పరిగెత్తితే గోల్‌కీపర్‌కి అడ్డం రాకుండా ఉంటామో తెలియాలి. లీగ్ టీమ్‌లో కుర్ర డిఫెండర్‌కి చోటు దొరికే దారుల్లో ఇదొకటి.

ఇక కోపం సంగతి. తప్పు చేస్తే అంపైర్ కార్డు చూపిస్తాడు: గ్రీన్ కార్డు పడితే రెండు నిమిషాలు, ఎల్లో పడితే కనీసం ఐదు నిమిషాలు బయట కూర్చోవాలి, టీమ్ పదిమందితో నెట్టుకురావాలి. పారిస్ 2024 ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో మన డిఫెండర్ అమిత్ రోహిదాస్ లాంటి అనుభవజ్ఞుడికే కర్ర తగిలించాడని రెడ్ కార్డు పడింది. బ్రిటన్ మీద 1-1తో నిలబడి షూటౌట్‌లో మనవాళ్లు గెలిచారు గానీ, ఆ కార్డు వల్ల నిషేధం పడి సెమీస్‌కి అతను లేడు, జర్మనీ మీద 3-2తో ఓడిపోయాం. మీవాడు తన తప్పు వల్ల గోల్ పడ్డాక తర్వాతి ఐదు నిమిషాలు ఎలా ఆడుతున్నాడో గమనించండి. కసితో టాకిల్ మీద టాకిల్ చేస్తుంటే మీ బావమరిది గారే కరెక్ట్, ఆగండి.

ఇంకోటి, ఎంపికైనంత మాత్రాన ఆడిస్తారని కాదు. 2024లో లీగ్ మళ్లీ మొదలైనప్పుడు ఒక్కో జట్టుకి 24 మంది, వాళ్లలో నలుగురు జూనియర్లు తప్పనిసరి అన్నారు. తలుపు తెరిచే ఉంది, కాకపోతే లోపలికెళ్లి సీజనంతా బెంచీ మీద కూర్చునే 19 ఏళ్ల కుర్రాడికంటే ఇక్కడ వారం వారం మొత్తం అరవై నిమిషాలూ ఆడేవాడు త్వరగా ఎదుగుతాడని నా అభిప్రాయం. కోచ్ గారు ఒప్పుకోకపోవచ్చు.

డిగ్రీ ఆపించకండి. యూనివర్సిటీ టీమ్‌లో ఉన్నాడంటే చదువే వాడికి మ్యాచ్‌లు ఇప్పిస్తోంది, దాన్ని వదులుకుని ఎక్కడ ఆడతాడు? కాకినాడ వెళ్లొచ్చాక ఒక మ్యాచ్ మొత్తం వీడియో తీయించి పంపండి, టాకిల్స్ ముక్కలు మాత్రం వద్దు.